క్లోమంలో గడ్డకి సూది పరీక్ష ఒకసారి అయింది, మళ్ళీ చేయాలంటున్నారు. ఎఫ్‌ఎన్‌ఏ, ఎఫ్‌ఎన్‌బి తేడా ఏమిటి?

నరసన్నపేట_వాసి
మా నాన్నగారి వయసు 63. రెండు నెలల కిందట కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా ఒకటే దురద. అందరిలాగే ముందు పసరు వేయించాం, పథ్యం పెట్టాం, పన్నెండు రోజులు అలా పోయాయి. తగ్గకపోయేసరికి శ్రీకాకుళంలో స్కానింగ్, తర్వాత విశాఖలో సీటీ. క్లోమం తల భాగంలో 3.1 సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. కామెర్లు తగ్గడానికి పిత్తనాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం వేశారు. నోట్లోంచి గొట్టం పంపి, లోపలి నుంచే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో శాంపిల్ తీశారు. తొమ్మిది రోజులకి రిపోర్టు వచ్చింది. అనుమానం కలిగించే కణాలు కొన్ని ఉన్నాయి, నమూనా చాలా తక్కువ, నిర్ధారించలేం అని రాశారు.

ఇప్పుడు మళ్ళీ చేయాలట. ఈసారి ఎఫ్‌ఎన్‌ఏ కాదు, ఎఫ్‌ఎన్‌బి అంటున్నారు. ఆ సూది అంత మంచిదైతే మొదటిసారే ఎందుకు వాడలేదు? అడిగితే "ఒక్కోసారి ఇలా అవుతుంది" అన్నారు, అంతే. అమ్మేమో "కేన్సర్ అని రాయలేదు కదా, ఇంక ఆయన్ని పొడిపించకండి" అని పట్టుబట్టింది. ఊళ్ళోవాళ్ళు సూది తగిలితే పాకుతుంది అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కళింగపట్నం_రేవు
వలలో చేప పడలేదని సముద్రంలో చేప లేదనుకుంటామా? అమ్మగారికి ఈ మాట చెప్పండి. ఆ రిపోర్టుకి అర్థం "లేదు" అని కాదు, "దొరకలేదు" అని.

చీపురుపల్లి_రాము
నేనైతే రెండోసారి వద్దనే అంటాను. మా చిన్నాన్నకి ఇలాగే తల భాగంలో గడ్డ. ముక్క పరీక్ష చేయకుండానే నేరుగా ఆపరేషన్ చేశారు. తీసిన తర్వాత ల్యాబ్‌కి పంపితే కేన్సర్ అని వచ్చింది. పరీక్షలకి తిరుగుతూ మీరు ఇంకో నెల పోగొట్టుకుంటారు.

ల్యాబ్_లక్ష్మి
విజయనగరంలో కణాలను పరీక్షించే సైటాలజీ ల్యాబ్‌లో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. సూదిలోంచి వచ్చింది మా చేతికి ఎలా చేరుతుందో మాత్రం రోజూ చూస్తాను, అది చెప్తాను.

ఎఫ్‌ఎన్‌ఏ అంటే మామూలు ఏటవాలు కొన ఉన్న సన్నని సూది. అది గడ్డలోంచి కణాలను పీల్చుకుని తెస్తుంది. గాజు స్లైడ్ మీద ఒక బొట్టు వేసి, ఇంకో స్లైడ్‌తో పలచగా పరుస్తాం. కొన్ని గాలికి ఆరనిస్తాం, కొన్నిటిని వెంటనే ఆల్కహాల్‌లో ముంచుతాం. మైక్రోస్కోపులో విడివిడి కణాలు, చిన్న చిన్న గుంపులు కనిపిస్తాయి. ఒక్కో కణం తీరు తెలుస్తుంది, అవన్నీ ఎలా అల్లుకుని ఉన్నాయో తెలియదు. నేత చీరలోంచి పోగులు లాగి చేతిలో పెట్టినట్టు ఉంటుంది. రంగు తెలుస్తుంది, అంచు డిజైన్ తెలియదు.

ఎఫ్‌ఎన్‌బి సూది కొన వేరు. కొన్నిటికి మూడు కోరలు ఉంటాయి, కిరీటంలా. దాన్ని ఫ్రాన్సీన్ కొన అంటారు. ఇంకో రకానికి ఫోర్కులా రెండు మొనలు. ఇవి గడ్డని కోసి సన్నటి కడ్డీలాంటి ముక్క తెస్తాయి. అది ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లోకి, తర్వాత మైనపు బ్లాక్‌లోకి వెళ్తుంది. దాన్ని పలచగా ఎన్నో పొరలుగా కోసుకోవచ్చు. ఒక పొర మామూలు రంగుకి, ఇంకోటి ప్రత్యేక పరీక్షకి, ఇంకా మిగిలితే జన్యు పరీక్షలకి. చీర ముక్కే చేతికి వచ్చినట్టు.

క్లోమం కేన్సర్‌లో ఇంకో చిక్కు ఉంది. గడ్డంతా కేన్సర్ కణాలే ఉండవు. చుట్టూ గట్టి పీచు లాంటి కణజాలం బాగా పెరిగిపోయి, మధ్యమధ్యలో అక్కడక్కడా కేన్సర్ కణాలు ఉంటాయి. సూది పీచులోకే దిగితే మాకు వచ్చేది రక్తం, నాలుగు కణాలు. మీ నాన్నగారి మొదటి శాంపిల్‌కి బహుశా ఇదే జరిగి ఉంటుంది.

సాలూరు_లారీ
బి అంటే లావు సూది, ఏ అంటే సన్న సూది అనుకుంటే సరిపోతుందా?

ల్యాబ్_లక్ష్మి
కాదండీ, చాలామంది ఇలాగే అనుకుంటారు. రెండిట్లోనూ 19, 22, 25 గేజీలు ఉన్నాయి. 22 గేజీ ఎఫ్‌ఎన్‌ఏ, 22 గేజీ ఎఫ్‌ఎన్‌బి దాదాపు ఒకే లావు. తేడా అంతా కొనలోనే.

సాలూరు_లారీ
అంటే 25 లావా?

ల్యాబ్_లక్ష్మి
25 సన్నం. నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది.

సాలూరు_లారీ
మా వైరు గేజీ లాగే అన్నమాట. ఇంక ఈ జన్మలో మర్చిపోను.

నరసన్నపేట_వాసి
లక్ష్మి గారూ, చాలా థాంక్స్. అమ్మ నేత కుటుంబం నుంచి వచ్చింది. చీర పోలిక చదివి వినిపించాను, మొదటిసారి తల ఊపింది. రాము గారూ, నేరుగా ఆపరేషన్ గురించి మేమూ అడిగాం. గడ్డ పక్కనున్న పెద్ద సిరను తాకుతోందట. ముందు కీమో ఇచ్చి గడ్డ తగ్గితే అప్పుడు ఆపరేషన్ ఆలోచిస్తాం అన్నారు.

చీపురుపల్లి_రాము
అది ముందే చెప్పాల్సింది తమ్ముడూ. మా చిన్నాన్నకి సిర, ధమని ఏవీ తాకలేదు.

ఎండోస్కోపీ_గది
ఇక్కడే అసలు విషయం ఉంది. గడ్డ తీసేయగలిగేలా ఉండి, సీటీలో కేన్సర్‌లా స్పష్టంగా కనిపిస్తే ముక్క పరీక్ష లేకుండానే ఆపరేషన్ చేస్తారు, రాము గారు చెప్పింది నిజం. కీమో ముందు ఇవ్వాలంటే మాత్రం కేన్సర్ అని కాగితం మీద నిరూపణ ఉండాల్సిందే. కేన్సర్ కాని గడ్డకి కీమో ఎక్కించలేరు కదా. కాబట్టి మీ నాన్నగారికి రెండో పరీక్ష తప్పనిసరి.

నేను విశాఖలో ఎండోస్కోపీ స్టాఫ్ నర్సుని, సొంతూరు పార్వతీపురం దగ్గర. సూది ఒక్కటే కాదు, దాన్ని వాడే తీరు కూడా ముఖ్యం, అది ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

తల భాగంలో గడ్డ అయితే గొట్టం కడుపు దాటి చిన్నపేగు మొదటి వంపులోకి వెళ్ళాలి. నడుము, తోక భాగం అయితే కడుపు గోడ లోంచే అందుతుంది. పేగు వంపులో గొట్టం మెలిక తిరిగి ఉంటుంది. అక్కడ 19 లాంటి బిరుసు సూది ఒక పట్టాన బయటికి రాదు. అందుకే 22, 25 వాడతారు. స్క్రీన్ మీద గడ్డ నల్లగా కనిపిస్తుంది, సూది తెల్లటి గీతలా అందులోకి దిగుతుంది. మధ్యలో రక్తనాళం ఉందేమో డాప్లర్ రంగులో చూసుకున్నాకే గుచ్చుతారు.

లోపలికి వెళ్ళాక సూదిని పది పదిహేను సార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. ఒకే దారిలో కాకుండా విసనకర్ర విప్పినట్టు దిశ మారుస్తూ. గడ్డ నడిమధ్య కుళ్ళి చచ్చిన కణాలు ఉండొచ్చు, అంచుల్లో మంచి శాంపిల్ దొరుకుతుంది.

పీల్చడంలో రకాలున్నాయి. సూది వెనక సిరంజి తగిలించి 10 మిల్లీలీటర్ల దాకా లాగి పట్టడం ఒకటి. ముందే సూదిలో సెలైన్ నింపి పీల్చడం ఇంకోటి, వెట్ సక్షన్ అంటారు. మూడోది స్లో పుల్, సూదిలోపల ఉండే సన్నటి తీగను మెల్లమెల్లగా వెనక్కి లాగడం. అప్పుడు చాలా తక్కువ పీలుపు పుడుతుంది. సిరంజితో గట్టిగా పీలిస్తే సరుకు ఎక్కువ వస్తుంది, దాంతోపాటు రక్తమూ ఎక్కువే. స్లో పుల్‌లో రక్తం తక్కువ. ఏది మేలు అన్నది గడ్డను బట్టి, చేసే డాక్టర్ చేతిని బట్టి ఉంటుంది. ఒక పద్ధతిలో రక్తమే వస్తుంటే మా సార్ రెండో గుచ్చుకి పద్ధతి మార్చేస్తారు.

మూడు_లాంతర్లు
అంటే మొదటిసారి ఎఫ్‌ఎన్‌ఏ చేయడం తప్పేనా? నాకు అర్థం కానిది అదే. మా బావగారికి కూడా రెండుసార్లు చేశారు, రెండుసార్లు బిల్లు కట్టాం. సూది ఖరీదు వేరే అని డిశ్చార్జి రోజున చెప్పారు.

ఎండోస్కోపీ_గది
తప్పు అనలేను. 1992లో డెన్మార్క్‌లో పీటర్ విల్మన్ బృందం ఈ దారిలో మొదటిసారి సూది వాడినప్పటి నుంచి చాలా ఏళ్ళు ఎఫ్‌ఎన్‌ఏతోనే పని నడిచింది. ఇప్పటికీ మంచి చేతుల్లో చాలామందికి దానితోనే తేలిపోతుంది. బి సూది ఖరీదు ఎక్కువ, ఒకసారి వాడి పారేయాల్సిందే. కానీ ఖరీదు ముందే చెప్పాలి, అందులో మీతో ఏకీభవిస్తాను. "ఏ సూది వాడతారు, దాని ఖరీదెంత, ఎన్ని సూదులు పట్టొచ్చు" అని ముందు రోజే అడగండి. అది మీ హక్కు.

ల్యాబ్_లక్ష్మి
నర్సు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఎఫ్‌ఎన్‌ఏ చేసేటప్పుడు పక్కనే మాలాంటి వాళ్ళం మైక్రోస్కోప్ పెట్టుకుని కూర్చుంటే కథ వేరు. స్లైడ్‌కి త్వరగా రంగు వేసి, చూసి, "చాలు" లేదా "ఇంకోసారి గుచ్చండి" అని అక్కడికక్కడే చెప్పేస్తాం. దాన్ని రోజ్ అంటారు. పెద్ద సెంటర్లలో ఉంటుంది, అన్నిచోట్లా ఉండదు. నన్ను ఒకప్పుడు అలా పిలిచేవారు, ఇప్పుడు పిలవడం తగ్గింది.

కారణం ఏమిటంటే 2021లో 800 మంది మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం. కొత్త ఎఫ్‌ఎన్‌బి సూదులు వాడితే పక్కన మేము ఉన్నా లేకపోయినా ఫలితం దాదాపు ఒకటే అని తేలింది. ఉన్నప్పుడు 96.4 శాతం, లేనప్పుడు 97.4 శాతం కచ్చితత్వం. మా చోట రోజ్ లేదు అని మీ డాక్టర్ అంటే, బి సూది వాడుతున్నప్పుడు బెంగ పడక్కర్లేదు. ఎఫ్‌ఎన్‌ఏ సూది వాడుతూ రోజ్ లేకపోతే మాత్రం గుచ్చులు ఎక్కువ పడతాయి. యూరప్ మార్గదర్శకాల్లో కూడా రోజ్ లేనప్పుడు ఎఫ్‌ఎన్‌ఏకి మూడు నాలుగు గుచ్చులు, ఎఫ్‌ఎన్‌బికి రెండు మూడు అని రాశారు.

బొబ్బిలి_వీణ
మా అమ్మ సంగతి చెప్తాను, ఇది చాలామందికి తెలియాలి. క్లోమం ఉబ్బింది, కామెర్లు, సీటీలో గడ్డ. ఇంట్లో అందరం ఏడ్చేశాం, తమ్ముడు దుబాయ్ నుంచి వచ్చేశాడు. ఎఫ్‌ఎన్‌ఏలో "కేన్సర్ కణాలు లేవు" అన్నారు కానీ గడ్డ ఏమిటో చెప్పలేదు. తర్వాత బి సూదితో ముక్క తీసి, ప్రత్యేక రంగు వేసి చూస్తే ఐజీజీ4 కణాలు. ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అట. అంటే ఒంటి రక్షణ వ్యవస్థే క్లోమం మీద పడింది. స్టెరాయిడ్ మాత్రలు వేశారు, నెల తిరిగేసరికి కామెర్లు పోయాయి. ఈ సంక్రాంతికి అమ్మే అరిసెలు వండింది.

ఇలాంటిది తేలాలంటే ముక్కే కావాలి, విడి కణాలతో తేలదు అని మా డాక్టర్ చెప్పారు. అందుకే రెండో పరీక్ష వద్దు అన్నవాళ్ళ మాట వినకండి.

టెక్కలి_టీచర్
మా స్కూల్లో ఒక సారుకి క్లోమం దగ్గర గడ్డ టీబీ అని తేలింది. మన దేశంలో అది కూడా చూడాలట. ఆరునెలలు మందులు వాడి ఇప్పుడు మామూలుగా స్కూలుకి వస్తున్నారు.

చీపురుపల్లి_రాము
వీణ గారూ, అమ్మగారి సంగతి విని సంతోషం. కానీ అందరికీ అలా ఆశ పెట్టకూడదు. చాలామందికి చివరికి కేన్సర్ అనే తేలుతుంది.

బొబ్బిలి_వీణ
ఆశ పెట్టడానికి రాయలేదు అన్నా. ఏమిటో తెలుసుకోవాలి అని రాశాను. కేన్సర్ అయినా అందులో రకాలు ఉంటాయి కదా.

ల్యాబ్_లక్ష్మి
ఉంటాయి. న్యూరోఎండోక్రైన్ అనే రకం ఉంది, దాని నడక వేరు, వైద్యం వేరు. ఎంత వేగంగా పెరుగుతోందో కేఐ-67 అనే పరీక్షతో లెక్క కడతారు. దానికి సరిపడా కణాలు, వీలైతే ముక్క కావాలి. చివరికి మామూలు రకమే అయినా బ్రాకా లాంటి జన్యు పరీక్షలకి ముక్క పనికొస్తుంది, దాన్నిబట్టి మందు మారొచ్చు.

కళింగపట్నం_రేవు
సూది వల్ల పాకుతుందా అన్న ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఊళ్ళో అందరి భయమూ అదే.

ఎండోస్కోపీ_గది
సూది దారిలో కణాలు నాటుకోవడం అనేది ఉంది, లేదని చెప్పను. కానీ చాలా అరుదు. తల భాగంలో గడ్డకి ఇంకో ధైర్యం కూడా ఉంది. సూది పేగు గోడలోంచి వెళ్తుంది, తర్వాత ఆపరేషన్ జరిగితే ఆ పేగు ముక్కని కూడా గడ్డతోపాటు తీసేస్తారు. తోక వైపు గడ్డకి కడుపు గోడలోంచి వెళ్తారు, ఆ గోడ అలాగే మిగులుతుంది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ ఆలోచిస్తారు. పొట్టపై నుంచి చర్మంలోంచి సూది దింపడం కంటే లోపలి దారిలో దూరం చాలా తక్కువ.

పాకడం కంటే నేను గమనించేది వేరే. పరీక్ష అయ్యాక కడుపునొప్పి బాగా పెరగడం, జ్వరం, నల్లటి విరేచనం. క్లోమం వాపు, రక్తస్రావం నూటికి ఒకరిద్దరికి మించి రావు, కానీ వస్తే ఆలస్యం చేయకూడదు. ఆ రాత్రి ఊరికి బయల్దేరిపోకుండా విశాఖలోనే ఉండండి. శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే కదా.

నాన్నగారు రక్తం పలచబడే మందులు ఏమైనా వాడుతున్నారా?

నరసన్నపేట_వాసి
గుండెకి ఎకోస్ప్రిన్ వాడతారు. మొదటిసారి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఎండోస్కోపీ_గది
ఎకోస్ప్రిన్ మామూలుగా ఆపరు. రక్తం పలచబరిచే ఇంకో మందు క్లోపిడోగ్రెల్ కూడా కలిసిన మాత్ర అయితే ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపిస్తారు. ఒకే పట్టీ మీద రెండు పేర్లు ఉండే మాత్రలు చాలా ఉన్నాయి, అట్టను ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి, గుండె డాక్టర్‌ని అడగాలి.

పలాస_జీడితోట
మా ఉద్దానం వాళ్ళకి ఇంకో సమస్య. మా మావయ్యకి క్రియాటినిన్ ఎక్కువ, వారానికి రెండుసార్లు డయాలిసిస్. సీటీకి రంగు మందు ఎక్కించాలంటే అందరూ వెనకాడారు. లోపలి నుంచి చేసే ఈ అల్ట్రాసౌండ్‌కి ఆ రంగు మందు అవసరం లేదు, గడ్డ అందులోనే బాగా కనిపించింది, అక్కడే శాంపిల్ తీశారు. కిడ్నీ పాడైనవాళ్ళకి రక్తం త్వరగా గడ్డకట్టదు, డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కూడా ఇస్తారు. అందుకని డయాలిసిస్ రోజులు ముందే చెప్పి తేదీ కుదుర్చుకున్నాం. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు ఎవరైనా ఇది చదువుతుంటే గుర్తుపెట్టుకోండి.

మూడు_లాంతర్లు
సీఏ 19-9 అనే రక్తపరీక్ష ఉంది కదా, అది ఎక్కువుంటే చాలదా? ఈ సూదులన్నీ దేనికి?

ల్యాబ్_లక్ష్మి
చాలదు. కామెర్లు ఉంటే కేన్సర్ లేకపోయినా అది పెరుగుతుంది. కొంతమంది ఒంట్లో అది అసలు తయారే కాదు, కేన్సర్ ఉన్నా మామూలుగానే కనిపిస్తుంది. వైద్యం మొదలయ్యాక తగ్గుతోందా లేదా చూడటానికి బాగా పనికొస్తుంది.

చీపురుపల్లి_రాము
సరే, నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. కీమో ముందు అంటే ముక్క పరీక్ష కావాల్సిందే. కానీ ఆలస్యం చేయకు తమ్ముడూ. మొదటి రిపోర్టుకే తొమ్మిది రోజులు పోయాయి.

నరసన్నపేట_వాసి
శుక్రవారానికి తేదీ ఇచ్చారు. సూది గురించి అడిగాను, 22 గేజీ ఫ్రాన్సీన్ అన్నారు, ఖరీదు కూడా చెప్పారు. గేజీ సంగతి ముందే అడిగేసరికి డాక్టర్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని పదిహేను నిమిషాలు బొమ్మ గీసి మరీ వివరించారు. సాలూరు అన్నా, వైరు లెక్క బాగా పనికొచ్చింది.

సాలూరు_లారీ
నాన్నగారు తేలిగ్గా బయటపడాలి తమ్ముడూ. శుక్రవారం విశాఖలోనే లోడు దింపుతున్నాను, ఏదైనా పనుంటే పిలువు.

నరసన్నపేట_వాసి
శుక్రవారం అయిపోయింది. ముందు రాత్రి నుంచి ఏమీ తినొద్దన్నారు. శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కినప్పుడు నాన్నగారు ఇడ్లీల వాడి వైపు చూసి ముఖం తిప్పుకున్నారు, అది చూడలేకపోయాను. మత్తు ఇచ్చారు, అరగంటలో బయటికి తెచ్చేశారు.

ఒకటి చెప్పాలి. డాక్టర్ గారు నన్ను లోపలికి పిలిచి సీసా చూపించారు. సూదిలోపలి తీగను మెల్లగా తోస్తుంటే కొనలోంచి సన్నగా, మెలికలు తిరుగుతూ, నానిన సేమియా లాగా బయటికొచ్చాయి. ఎర్రటి రక్తం మధ్యలో తెల్లటి ముక్కలు. ఆ తెలుపు కావాలి, నాలుగు మిల్లీమీటర్లైనా ఉండాలి అని చిన్న స్కేలు పక్కన పెట్టి చూశారు. మూడు గుచ్చులు వేశారు. రాత్రి విశాఖలోనే ఉన్నాం, నొప్పి లేదు, జ్వరం లేదు.

ల్యాబ్_లక్ష్మి
మంచి పని చేశారు. కంటితోనే తెల్ల ముక్క చూసుకోవడాన్ని మోజ్ అంటారు, రోజ్ లేనిచోట అదే మాకు పెద్ద సాయం. ఈసారి రిపోర్టు తేలుతుంది.

నరసన్నపేట_వాసి
రిపోర్టు వచ్చింది. అడినోకార్సినోమా, అంటే కేన్సరే, లక్ష్మి గారు చెప్పిన మామూలు రకం. అమ్మకి నేనే చదివి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, మందు ఎప్పుడు మొదలుపెడతారు" అని అడిగింది. సోమవారం మొదటి కీమో. అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రిలో కూడా ఒకసారి చూపిద్దామనుకుంటున్నాం.

చీపురుపల్లి_రాము
ధైర్యంగా ఉండు తమ్ముడూ. మీ అమ్మగారు గట్టి మనిషి.

బొబ్బిలి_వీణ
మీ నాన్నగారి కోసం ఈ ఆదివారం అరసవల్లి వెళ్తున్నాను.

ల్యాబ్_లక్ష్మి
అగనంపూడి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. స్లైడ్లు, మైనపు బ్లాక్ రెండూ ల్యాబ్ నుంచి సంతకం పెట్టి తీసుకోండి. వాళ్ళు మళ్ళీ సొంతంగా చూస్తారు, జన్యు పరీక్ష కావాలన్నా ఆ బ్లాక్ నుంచే చేస్తారు. ఇంకోసారి గుచ్చాల్సిన పని ఉండదు. బ్లాక్‌ని ఎండలో, బండి డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుతుంది.

నరసన్నపేట_వాసి
తీసుకున్నాను లక్ష్మి గారూ. చిన్న ప్లాస్టిక్ పెట్టె, మీద నంబరు, లోపల తెల్లటి మైనం, అందులో ఆ సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. అమ్మ దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో, తన పెళ్ళి చీర మడతల మధ్య పెట్టింది.